డోర్కస్‌కు రాని పిలుపు

“ఆ రోజు సాయంత్రం రొట్టెలు పొయ్యిలో పెట్టారా, లేదా? అదొక్కటి చెప్పండమ్మా.”

పిండి పిసుకుతున్న డోర్కస్ యోకమ్ చేతులు ఆగిపోయాయి. కోర్టు గురించి ఎన్ని అడిగినా టకటకా సమాధానం చెప్పిన మనిషి, రొట్టెల మాట వచ్చేసరికి తల దించుకుంది. ఎలిహు ప్రౌటీ కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నాడు. మనుషులు పెద్ద ప్రశ్నలకు ముందే సిద్ధపడి ఉంటారని, చిన్న ప్రశ్నల దగ్గరే తడబడతారని అతని డిటెక్టివ్ బతుకు నేర్పిన పాఠం.

వ్యవహారమంతా గడిచిన గురువారం సాయంత్రం చుట్టూ తిరుగుతోంది. డోర్కస్ భర్త హైరమ్ బ్లూ ప్రెయిరీ రైలు కంపెనీలో డ్రైవరు. రెండేళ్లపాటు ఆ కంపెనీ జీతాలకు బదులు బాండ్లు చేతిలో పెట్టింది. వడ్డీ ఎగ్గొడితే ‘లుసిండా’ అనే ఇంజన్‌ని బాండ్లున్నవాళ్లు జప్తు చేసుకోవచ్చని ఆ కాగితాల మీదే అచ్చు వేయించింది. ఆ తర్వాత నిక్షేపంలా వడ్డీ ఎగ్గొట్టింది. మిగతా డ్రైవర్లందరూ పావు ధరకి బాండ్లు కంపెనీకే అమ్ముకుని ఓ దండం పెట్టేశారు. హైరమ్ ఒక్కడే దావా వేశాడు. తీర్పు వచ్చేదాకా లుసిండా ఐయొవా రాష్ట్రం పొలిమేర దాటకూడదని జడ్జి ఉత్తర్వు ఇచ్చాడు. ఆ ఇంజన్‌ని రోజూ నడిపేది కూడా హైరమే కావడం ఊళ్లోవాళ్లకి నవ్వులాటగా ఉండేది.

గురువారం సాయంత్రం లుసిండా మాయమైంది. దాంతోపాటు హైరమూ మాయమయ్యాడు. కంపెనీ చెప్పే కథ ప్రకారం అతను మూడొందల డాలర్లు పుచ్చుకుని రాజీ పడ్డాడు. తానే ఇంజన్‌ని మిస్సిసిపీ వంతెన దాటించి ఇల్లినాయ్‌లోకి తోలుకుపోయాడు. ఈ నది ఒడ్డు ఊరు కాల్వర్ట్ రేవులోని పదకొండు మంది పెద్దమనుషులు అది నిజమేనని బైబిలు మీద చెయ్యి వేసి చెప్పారు. రేపు ఉదయం కోర్టు. దావా వేసినవాడు లేడు, దావాలో ఉన్న ఇంజనూ లేదు, కేసు కొట్టేస్తారు. మొగుడు అమ్ముడుపోయాడన్న అపకీర్తి ఒక్కటీ డోర్కస్‌కు మిగులుతుంది. హైరమ్ తరఫు వకీలు ఆఖరి ప్రయత్నంగా చికాగో నుంచి ప్రౌటీని పిలిపించాడు.

పొద్దుటినుంచీ ప్రౌటీ ఆ పదకొండు మందినీ ఒకటే అడుగుతూ వచ్చాడు. చూశారా, విన్నారా? అందరూ ముందు చూశామన్నారు. కాస్త గుచ్చి అడిగితే, ఆ సాయంత్రం ఊరంతా చర్చిలో ఆల్చిప్పల పులుసు విందులో ఉందని, కిటికీల మీద మంచు పేరుకుపోయి ఉందని తేలింది. వంతెన కావలివాడు కంపెనీ జీతగాడు, వాడి మాట ఎలాగూ లెక్కలోకి రాదు. మిగిలినవాళ్లు విన్నది కూత మాత్రమే. అయితే ఆ లైన్లో ఏ డ్రైవరు విజిల్ ఆ డ్రైవరు సొంతం. తనకు నచ్చిన గొంతుతో చేయించుకుంటాడు, ఇంజన్ మారితే విప్పుకుని వెంట తీసుకుపోతాడు. హైరమ్ విజిల్ ఇత్తడిది, తానే పోతపోసుకున్నది. దాని కూత నిండుగా మొదలై ఏడుస్తున్నట్టు కిందికి జారి ఆగుతుంది. రేవులో చంటిపిల్లలు కూడా దాన్ని గుర్తుపడతారు. హైరమ్ కూత వంతెన దాటింది కాబట్టి హైరమ్ దాటాడు. ఇందులో వెతకాల్సింది ఏమైనా ఉందని ఆ ఊళ్లో ఒక్కరికీ తోచలేదు.

“పెట్టలేదు,” అంది డోర్కస్ చివరికి.

“ఎందుకని?”

“పిలుపు రాలేదు.”

“ఏం పిలుపు?”

ఆమె పిండి చేతులు నడుముకి కట్టుకున్న గుడ్డకు తుడుచుకుంది. “మా ఇంటి పక్కన రైలు గేటు ఉంది చూడండి, అక్కడికి రాగానే ఆయన నన్ను పిలుస్తాడు. రెండు పొట్టి కూతలు, ఒక పొడుగు. పెళ్లైన కొత్తలో మొదలెట్టాడు, ఇరవయ్యారేళ్లయింది. అది వినగానే రొట్టెలు లోపల పెడతాను. షెడ్డులో ఇంజన్ అప్పజెప్పి ఆయన ఇంటికొచ్చేసరికి అవి పొంగి ఉంటాయి. గురువారం ఊరందరికీ కూసే కూత వినపడింది. నాది రాలేదు.”

“ఈ మాట ఎవరితోనూ అనలేదేం?”

“ఏమని అనమంటారు బాబూ? పొద్దున్నే పోట్లాడుకున్నాం. అందరిలాగా ఆ బాండ్లు అమ్మి పారెయ్యి, నీ పట్టుదల వండుకు తినమంటావా అని నోటికొచ్చినట్టు అన్నాను. పలక్కుండా టోపీ పెట్టుకుని పోయాడు. సాయంత్రం నన్ను పిలవకుండా వంతెన దాటాడంటే అది నా మీద కోపమే కదా. మొగుడు పిలవకుండా పోయాడని వీధి వీధీ తిరిగి చాటుకోనా?”

ప్రౌటీ నెమ్మదిగా అడిగాడు. “ఇంతకుముందు ఎప్పుడైనా కోపం వచ్చి పిలవడం మానేశాడా?”

“అబ్బే. ఒకసారి మా తమ్ముడి గొడవలో నెల రోజులు మాటల్లేవు మా మధ్య. అప్పుడు కూడా గేటు దగ్గర కూత మాత్రం...”

అక్కడ ఆగిపోయింది. తన నోటితో తానే చెప్పిన మాట ఆమెకు అప్పుడు వినపడింది. మెల్లిగా పిండిబల్ల పట్టుకుని కూర్చుంది.

“అమ్మా,” అన్నాడు ప్రౌటీ, “ఆ తాడు లాగింది మీ ఆయన కాదు.”

“మరి ఆయన విజిల్ పరాయివాడి చేతికెలా వచ్చింది? ప్రాణం ఉండగా ఇచ్చే మనిషి కాదే! విప్పేటప్పుడు పానా పళ్లు పడి ఇత్తడి గీసుకుపోతుందని పాత బూటు నాలుక కోసి చుట్టేవాడు. పసిబిడ్డకి చొక్కా తొడిగినట్టు చేసేవాడు దానికి.”

ప్రౌటీకి తోచిన ఒక్క జవాబూ ఆ ఇంట్లో పైకి అనదగ్గది కాదు. టోపీ తీసుకుని లేచాడు.

ఇంజన్ షెడ్డుకి వెళ్లేసరికి పొద్దు వాటారుతోంది. లోపల ఆవిరి ఎక్కి సిద్ధంగా ఉన్నది ఒక్కటే ఇంజన్. అది తొమ్మిదో నంబరు, వంతెన మీదుగా రోజూ సరుకు లాగే ముసలి గూడ్సు ఇంజన్. గురువారం సాయంత్రం కూడా అది అవతలికి వెళ్లి, శుక్రవారం పొద్దున తిరిగొచ్చింది. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ప్రౌటీ అటూ ఇటూ చూసి దాని బాయిలరు మీదికి ఎక్కాడు. కాళ్లకింద ఇనుము వేడిగా ఉంది. చేతిరుమాలు అడ్డం పెట్టుకుని విజిల్ దగ్గరికి వంగాడు.

పైనున్నది కంపెనీవాళ్లు బిగించే మామూలు ఇనప విజిల్. దాని కింది గొట్టం మీద ఏళ్ల తరబడి పేరుకున్న మసి ఉండాలి. ఉంది కూడా, కానీ మరల చుట్టూ మాత్రం తుడిచినట్టు శుభ్రంగా ఉంది. ఎవరో ఈ మధ్యనే పై విజిల్ విప్పి, వేరొకటి బిగించి, మళ్లీ పాతది పెట్టారు. ప్రౌటీ జేబులోంచి చాకు తీసి మర సందులో గుచ్చి లాగాడు. మొనకి చిక్కుకుని సన్నటి పీచు బయటికొచ్చింది. తాడు పీచు కాదు, గోనె పీచు కాదు. వేళ్ల మధ్య నలిపి వాసన చూశాడు. తోలు.

“పైన గాలి బాగుందా ప్రౌటీ గారూ?”

కింద మేజర్ క్విగ్లీ నిలబడి ఉన్నాడు. ఇద్దరూ ఒకప్పుడు చికాగోలో ఒకే యజమాని దగ్గర పనిచేసినవాళ్లే. తర్వాత క్విగ్లీ ఎక్కువ జీతానికి రైలు కంపెనీ డిటెక్టివ్‌గా చేరాడు. అప్పటినుంచి ఒకరంటే ఒకరికి పడదు.

“దిగవయ్యా, దిగు. అది కంపెనీ ఆస్తి. కాలు జారితే నీ పెళ్లాం మా మీద దావా వేస్తుంది. మాకు ఈ ఏడాదికి ఒక్క దావా చాలు.”

ప్రౌటీ తీరిగ్గా దిగాడు. “నాకు పెళ్లి కాలేదు మేజర్. ఆ సంగతి నీకు తెలుసు.”

“అందుకే పరాయివాళ్ల పెళ్లాల వంటింట్లో కూర్చుని వస్తున్నావు. ఏమంటోంది యోకమ్ భార్య? మొగుడు తిరిగొస్తాడని ఎదురుచూస్తోందా పాపం? మూడొందల డాలర్లు అయిపోతే వస్తాడులే.”

“ఆ డబ్బు తీసుకున్నట్టు అతని సంతకం ఉందా?”

“పదకొండు మంది సాక్షులున్నారు. సంతకం ఎందుకు?”

“పదకొండు జతల చెవులున్నాయి. కళ్లు ఒక్క జత కూడా లేవు. చర్చి విందు రోజు చూసి మరీ ముహూర్తం పెట్టుకున్నారు. బాగానే ఆలోచించావు.”

క్విగ్లీ నవ్వాడు. “చెవులు చాలు. హైరమ్ కూత ఎవడికి తెలీదు? కూత ఎక్కడుంటే మనిషి అక్కడే. ఈ లైన్లో ముసలివాణ్ణి అడుగు, పిల్లవాణ్ణి అడుగు.”

ఇక్కడ ప్రౌటీ ఊరుకోవలసింది. పీచు జేబులో వేసుకుని, టోపీ సర్దుకుని వెళ్లిపోవలసింది. కానీ తెలివైనవాళ్లకి ఒక జబ్బు ఉంటుంది, తమ తెలివిని శత్రువు కూడా మెచ్చుకోవాలని. ప్రౌటీకి ఆ జబ్బు కాస్త ముదిరినది. అతను తోలు పీచుని క్విగ్లీ ముక్కు ముందు పట్టుకున్నాడు.

“కూత వంతెన దాటింది మేజర్, ఈ తొమ్మిదో నంబరు నెత్తిన కూర్చుని. లుసిండా దాటలేదు. తాడు లాగింది హైరమ్ కాదని రేపు కోర్టులో అతని భార్యే చెబుతుంది. ఆమె చెవికి మాత్రమే తెలిసిన గుర్తు ఒకటుంది. అది ఆ రోజు వినపడలేదు. పదకొండు మంది విన్నదానికంటే ఆమె విననిది బలమైన సాక్ష్యం.”

క్విగ్లీ మొహంలో నవ్వు పోలేదు. అయితే అది మొహానికి అతికించినట్టు అయింది. అతను చేతి తొడుగులు ఒక్కొక్క వేలే నిదానంగా తొడుక్కున్నాడు.

“రేపు కోర్టులో కలుద్దాం ప్రౌటీ గారూ,” అని ఎంతో మర్యాదగా అని బయటికి నడిచాడు.

మాటకి మాట అనకుండా క్విగ్లీ వెళ్లిపోవడం ప్రౌటీకి కొత్త. దాన్ని గెలుపు అనుకున్నాడు. ఆ సంతోషంలోనే పీచుని మళ్లీ చూసుకున్నాడు, అప్పుడు ఇంకో ఆలోచన వచ్చింది. పరాయివాడైతే విజిల్‌ని పానాతో పట్టి ఒక్క గుంజు గుంజి ఉండేవాడు. ఎవడో తోలు చుట్టి, ఇత్తడి గీసుకోకుండా జాగ్రత్తపడి బిగించాడు. హైరమ్ దగ్గర పని నేర్చుకుని, హైరమ్ మీద గౌరవం చావనివాడు ఎవడు?

ఈబెన్ ష్రోప్ షెడ్డు పక్కనే, పట్టాల మీద చల్లే ఇసక ఉంచే కొట్టంలో దొరికాడు. ముప్పై దాటిన మనిషి, ఎర్ర మీసాలు. తొమ్మిదేళ్లు హైరమ్ పక్కన నిలబడి బొగ్గు వేసిన ఫైర్‌మన్ అతనే. శుక్రవారం నుంచి కంపెనీ అతన్ని తొమ్మిదో నంబరుకి డ్రైవరుని చేసింది. ప్రౌటీ పీచుని అరచేతిలో పెట్టి చూపించాడు.

ఈబెన్ దాన్ని చూసి చేతిలో ఉన్న ఇసక పారని నేలకి ఆనించాడు.

“హైరమన్న బూటుది,” అన్నాడు.

“తాడు లాగింది నువ్వేనా?”

“నేనే.”

“ఎవరికోసం? ఈ డ్రైవరు ఉద్యోగం కోసమా?”

“నా మొహాన ఉమ్మెయ్యండి, పడతాను. ఆ మాట మాత్రం అనకండి.” ఈబెన్ కళ్లు ఎర్రబడ్డాయి. “గురువారం చీకటి పడకముందే మేజరు ఇద్దరు మనుషుల్నేసుకుని వచ్చాడు. అన్న డొక్కలో తుపాకి పెట్టి, లుసిండాని పాడుబడ్డ సున్నపురాతి క్వారీ లైన్లోకి తోలించాడు. అక్కడ రాళ్లషెడ్డులో ఇంజన్ పెట్టి, అన్నని దాన్లోనే కట్టేశారు. నన్ను విజిల్ విప్పమన్నారు. నేను విప్పనన్నాను. మేజరు నా వంక చూసి, పిల్లలిద్దరూ బాగున్నారా ఈబెన్ అని అడిగాడు. పేర్లు కూడా చెప్పాడు. అప్పుడు అన్నే అన్నాడు, విప్పురా, ఫరవాలేదు అని. బూటు నాలుక జేబులోంచి తియ్యమని చెప్పాడు. నేను తీస్తుంటే చెవిలో ఒక మాట చెప్పాడు.”

“ఏం మాట?”

“ఊరి కూత నాలాగే కూయి, వీళ్లకి అనుమానం రానివ్వకు. గేటు దగ్గర డోర్కస్‌ని మాత్రం పిలవకు. పిలుపు రాకపోతే లాగింది నేను కాదని దానికి తెలిసిపోతుంది, ఊరిని లేపుతుంది అన్నాడు. అలాగే చేశాను బాబూ. పొద్దున తిరిగొచ్చి చూశాను. మర్నాడు చూశాను. నాలుగు రోజులైంది, ఒక్కళ్లూ లేవలేదు. వదిన ఇంట్లోంచి బయటికే రాలేదు. ఆవిడకి అర్థం కాలేదా?”

ప్రౌటీ గోడకి చేరబడ్డాడు. అర్థం కాకేం, ఇంకోలా అర్థమైంది. పొద్దుటి పోట్లాట అడ్డం వచ్చింది. ఆ రాళ్లషెడ్డులో ఒక మనిషి తన భార్య చెవిని నమ్ముకుని చలిలో నాలుగు రోజులు ఎదురుచూశాడు. ఇక్కడ ఆమె తన మాటల్ని తిట్టుకుంటూ వంటింట్లో కూర్చుంది. ప్రౌటీకి చాలా బాధ కలిగింది.

“బతికే ఉన్నాడా?”

“నిన్నటిదాకా ఉన్నాడు. నేనే తిండి పట్టుకెళ్లాను. తీర్పు వచ్చాక వదిలేస్తానని మేజరు మాటిచ్చాడు.”

“వదిలితే అతను తిన్నగా జడ్జి దగ్గరికే వెళతాడు కదా ఈబెన్. అలాంటివాణ్ణి ఎలా వదులుతాడు? ఇన్నాళ్లూ ఉంచాడంటే, కోర్టు అడ్డం తిరిగితే బెదిరించి సంతకం పెట్టించుకోవడానికి. ఇక ఆ సంతకం కూడా...”

మాట మధ్యలో అతనికి క్విగ్లీ చేతి తొడుగులు గుర్తొచ్చాయి. ఒక్క పరుగున బయటికి వచ్చి చూశాడు. క్విగ్లీ గుర్రం కట్టిన కొయ్య ఖాళీగా ఉంది. కొత్త మంచు మీద గిట్టల గుర్తులు ఊరి వైపు కాకుండా క్వారీ దారి పట్టాయి. రేపు భార్య సాక్ష్యం చెబితే ఊరంతా వెతకడం మొదలుపెడుతుంది. అంతకుముందే వెతకడానికి ఏమీ లేకుండా చెయ్యాలి. ఆ సంగతి క్విగ్లీకి చెప్పి పంపింది ఎవరో కాదు. ప్రౌటీ తన నోటిని తానే తిట్టుకున్నాడు.

“క్వారీలో ఏముంది?” అన్నాడు మళ్లీ లోపలికి వచ్చి.

“నీళ్లగుంట. చాలా లోతు. పట్టాలు దాని అంచుదాకా వెళతాయి,” అన్నాడు ఈబెన్. ఆ మాట అంటూనే, అన్నని కట్టేసిన ఇంజన్ ఆ పట్టాల మీదే ఉందని అతనికి గుర్తొచ్చింది.

“గుర్రం ఎంతసేపట్లో వెళుతుంది?”

“దారంతా మంచు. మనకి ఇంజన్ ఉంది, అందుకోవచ్చు. కానీ అక్కడ ఇద్దరు తుపాకులతో ఉన్నారు బాబూ, మేజరుతో ముగ్గురు. మనమిద్దరం వెళ్లి ఏం చేస్తాం?”

“ఊరు కావాలి,” అన్నాడు ప్రౌటీ. “ఇల్లిల్లూ తట్టే వ్యవధి లేదు. హైరమ్ విజిల్ ఏం చేశావు?”

“నదిలో పారెయ్యమన్నాడు మేజరు.” ఈబెన్ ఇసక గుట్టలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చాడు. గుడ్డలో చుట్టిన బరువైనదేదో బయటికి తీశాడు. “నావల్ల కాలేదు.”

ఇద్దరూ తొమ్మిదో నంబరు ఎక్కారు. ఈబెన్ ఇనప విజిల్ విప్పి కింద పడేశాడు. ఇత్తడిదానికి తోలు చుట్టి, ఒక్క గీత పడకుండా బిగించాడు. ఇంజన్ షెడ్డు దాటి గేటు దగ్గరికి వచ్చి ఆగింది. ఎదురుగా డోర్కస్ వంటింటి కిటికీలో దీపం కనబడుతోంది.

“ముందు ఊరికి,” అన్నాడు ప్రౌటీ. “తర్వాత ఆమెకి.”

ఈబెన్ తాడు లాగాడు. నిండుగా మొదలైన కూత రేవంతా కమ్ముకుని, ఏడుస్తున్నట్టు కిందికి జారి ఆగింది. ఆగగానే రెండు పొట్టివి, ఒక పొడుగు.

ఒక్కొక్క తలుపే తెరుచుకుంది. భోజనాల దగ్గరనుంచి లేచినవాళ్లు మెడకి కట్టుకున్న భోజనపు గుడ్డలతోనే వీధిలోకి వచ్చారు. ప్రమాణం చేసిన పదకొండు మందిలో ఒకడైన కిరాణా కొట్టు గోర్మ్‌లీ అందరికంటే ముందున్నాడు. “ఇదేమిటి? ఇల్లినాయ్ పోయిన కూత ఇక్కడ కూస్తోందేమిటి? ఆ పైనున్నది హైరమ్ కాదే! ఒరే ఈబెన్, నీకెక్కడిదిరా అది?”

“దారిలో చెబుతాను, ముందు తుపాకులు తెచ్చుకుని బండెక్కండి,” అని అరిచాడు ప్రౌటీ. “హైరమ్‌ని క్వారీలో కట్టేశారు. గురువారం మీరు విన్నది అబద్ధం!”

డోర్కస్ పిండి చేతులతో, తలమీద శాలువా కూడా లేకుండా పట్టాల దాకా పరుగెత్తుకొచ్చింది. ఆమె ఈబెన్ వంక చూసింది. అతను తల దించుకున్నాడు.

“అన్నే పిలవద్దన్నాడు వదినా. నీకు అర్థమవుతుందన్నాడు.”

అప్పుడే క్వారీ వైపునుంచి గాలిలో సన్నగా ఏదో వినపడింది. అందరూ అటు చెవులొగ్గారు. ఇంజన్ గంట. లుసిండాకి విజిల్ లేదు, కూయడానికి ఆవిరి లేదు. గంట మోగించడానికి అవేవీ అక్కర్లేదు. చేతులు కట్టేసినా తాడు పళ్లతో పట్టి లాగవచ్చు.

ఒక దెబ్బ. కాస్త ఆగి ఇంకో దెబ్బ. రెండూ పొట్టివి.

డోర్కస్ రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని నిలబడింది. నాలుగు రోజుల తర్వాత ఆమె మొహంలోకి రక్తం వచ్చింది. పొడుగుదాని కోసం ఎదురుచూస్తూ కళ్లు మూసుకుంది. బండెక్కుతున్న గోర్మ్‌లీ ఒక కాలు పైన, ఒక కాలు కింద పెట్టుకుని అలాగే ఆగిపోయాడు.

ఎంతసేపు చూసినా గంట మళ్లీ మోగలేదు.

“ఇంకోటి ఉండాలి,” అంది డోర్కస్ కళ్లు తెరిచి. “బాబూ, ఇంకోటి ఉండాలి.”

ఈబెన్ ఆవిరి పూర్తిగా వదిలి ఇంజన్‌ని క్వారీ వైపు ఉరికించాడు.